జాయ్‌స్టిక్ విరగ్గొట్టకండి, పొలమూ అమ్మకండి

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ మొదటి సంవత్సరం, ఎంపీసీ, డే స్కాలర్. పదో తరగతి సెలవుల్లో కంప్యూటర్ కొనిచ్చాం. అప్పట్నుంచి డీసీఎస్ అనే యుద్ధవిమానాల గేమ్ పట్టుకున్నాడు. కాలేజీ నుంచి వచ్చి అన్నం తిన్నాక రాత్రి ఒంటిగంట దాకా అదే పని. జాయ్‌స్టిక్, థ్రాటిల్ అంటూ పన్నెండు వేలు ఖర్చు పెట్టించాడు. ఫైటర్ పైలట్ అవుతానంటున్నాడు. ఒక కన్సల్టెన్సీవాళ్ళు విదేశంలో పైలట్ ట్రైనింగ్ ఇప్పిస్తాం, ఏడాదిన్నరలో ఉద్యోగం అంటున్నారు. బైపాస్ పక్కన 40 సెంట్లు ఉంది, అమ్మితే సరిపోతుంది. ఎన్డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ), సీపీఎల్ (పౌర విమానాల పైలట్ లైసెన్సు), ఏరోస్పేస్ బీటెక్, ఈ మూడింటిలో ఏది మంచిదో పోల్చి చెప్పండి. లేదంటే ఆ జాయ్‌స్టిక్ తీసి అవతల పారేయమంటారా? వాళ్ళమ్మ ఈ మధ్య సరిగ్గా నిద్రపోవడం లేదు. - ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: మీ ఉత్తరంలో చివరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పోల్చి చెప్పమన్నారు, చెప్తాను. ముందు ఆవిడ నిద్ర సంగతి చూద్దాం.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. పైకి అందరూ అడిగేది ఒకటే: ఏ కోర్సు, ఎంత ఖర్చు. లోపలున్న భయం మాత్రం ఇంట్లో ఒక్కొక్కరిదీ ఒక్కో రకం. నాన్నలకి, పిల్లాడు గేముల్లో పడి పాడైపోతాడేమోనని. అమ్మలకి, పాడవకుండా నిజంగానే ఆ విమానం ఎక్కేస్తాడేమోనని.

మీ భయంతో మొదలుపెడతాను. వాడు ఆడుతున్నప్పుడు పక్కన ఎప్పుడైనా కూర్చున్నారా? కూర్చుని ఉండరు. కూర్చుని ఉంటే ఏం చూశారో ఉత్తరంలో ఒక్క ముక్కయినా రాసేవారు. పోయినేడాది ఇలాంటి కేసులోనే ఒకరింటికి వెళ్ళి, ఆ అబ్బాయి పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని గంటన్నర కూర్చున్నాను. వాడు ఎక్కింది ఎఫ్-18 హార్నెట్. నేల విడవడానికే పావుగంట పట్టింది. బ్యాటరీ స్విచ్ వేశాడు. ఏపీయూ అనే చిన్న ఇంజిన్ వేసి పచ్చలైటు కోసం ఆగాడు. తర్వాత కుడి ఇంజిన్ తిప్పడం మొదలుపెట్టి, అది తిరిగే వేగం 25 శాతం దాటేదాకా థ్రాటిల్ (ఇంజిన్ శక్తి పెంచే మీట) ముట్టుకోలేదు. ముందే తోస్తే ఏమవుతుందని అడిగాను. "లోపల వేడి పెరిగి ఇంజిన్ పాడవుతుందండీ" అన్నాడు, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా. ఆపైన ఎడమ ఇంజిన్. ఆపైన, తానెక్కడుందో విమానం తనంతట తాను లెక్కగట్టుకునే నావిగేషన్ యంత్రం సర్దుకోవాలి. దానికి పట్టే నిమిషాలన్నీ చేతులు ఒళ్ళో పెట్టుకుని ఓపిగ్గా కూర్చున్నాడు. నా ఆఫీసులో రెండు నిమిషాలు కుదురుగా కూర్చోలేకపోయిన పిల్లాడే అతను.

తర్వాత విమానవాహక నౌక మీద దిగబోయి ఏడుసార్లు తప్పాడు. తప్పిన ప్రతిసారీ ఒక రఫ్ నోటుబుక్కులో రాసుకున్నాడు: 'వేగం ఎక్కువ', 'కుడికి జరిగా', 'ముక్కు దించేశా'. ఎనిమిదోసారి తోక కొక్కెం, విమానాన్ని ఆపడానికి నౌక మీద అడ్డంగా కట్టిన తీగని పట్టుకుంది. గుమ్మంలో పాలగ్లాసుతో నిలబడి ఉన్న వాళ్ళమ్మ "అయ్యిందా?" అని అడిగింది. ఎవరూ చెప్పకుండా తన తప్పులు తన చేత్తో రాసుకునే పదహారేళ్ళ పిల్లలు నాకు ఏడాదికి నలుగురు కూడా తగలరు. అందుకే జాయ్‌స్టిక్ పారేయొద్దంటున్నాను.

మీవాడూ అలాంటివాడో కాదో ఇక్కణ్ణుంచి నేను చెప్పలేను, మీరే కనిపెట్టాలి. అదేమంత కష్టం కాదు. డీసీఎస్ అసలు ప్రోగ్రాము ఉచితం. దానితో పాటు కాకసస్ ప్రాంతపు మ్యాపూ, ఎస్‌యూ-25టీ, ఆయుధాల్లేని మస్టాంగ్ అనే రెండు విమానాలూ ఉచితంగానే వస్తాయి. మిగతావి ఒక్కొక్కటీ విడిగా కొనుక్కోవాలి. ఏడాదిలో ఆరు విమానాలు కొనిపించుకుని ఏదీ పూర్తిగా రానివాడు గేమ్ ఆడుతున్నాడు. ఒకే విమానాన్ని పట్టుకుని, వందల పేజీల ఇంగ్లీషు మాన్యువల్ చదివి, గాల్లో ఇంధనం నింపుకోవడం లాంటి చచ్చేంత కష్టమైన పని నెలల తరబడి సాధన చేసేవాడు నేర్చుకుంటున్నాడు. మన వైమానిక దళం 1963 నుంచి నడిపి, 2025 సెప్టెంబరులో చండీగఢ్‌లో వీడ్కోలు పలికిన మిగ్-21 కూడా అందులో ఉంది. దాన్ని దింపడం ఎందుకంత కష్టమో చెప్పమని అడిగి చూడండి. సన్నటి రెక్కల గురించి, దిగేటప్పుడు ఉండే వేగం గురించి చెప్పుకొస్తే, ఫిజిక్స్ వాడి బుర్రలోకి ఎక్కుతోందన్నమాటే.

అయితే ఇది వాణ్ణి పైలట్‌ని చేస్తుందా? చెయ్యదు. ఇది వాడికి కూడా చదివి వినిపించండి. ఇంట్లో కుర్చీలో కూర్చున్నవాడికి జీ (గురుత్వ ఒత్తిడి) తగలదు. ఫైటర్ గట్టిగా తిరిగినప్పుడు 7 జీ పడితే, 60 కిలోల మనిషి 420 కిలోల బరువు మోస్తున్నట్టే. రక్తం కాళ్ళలోకి జారి చూపు మసకబారుతుంది. కాళ్ళూ పొట్టా బిగబట్టి, ఊపిరి ఒక పద్ధతిలో తీస్తూ ఆ స్థితిలోనే ఆలోచించాలి. కంప్యూటర్లో అది తెర అంచులు నల్లబడటంతో సరి. తప్పు చేస్తే మళ్ళీ మొదటికి వెళ్ళే మీట అక్కడ ఉంది, ఆకాశంలో లేదు. సిమ్యులేటర్‌కి అలవాటుపడి వచ్చిన పిల్లల గురించి ఫ్లయింగ్ శిక్షకులు చెప్పే ఫిర్యాదు ఇంకొకటుంది. మొదటి పాఠాల్లో బయట ఆకాశం నేలని కలిసే గీత చూడాల్సిన చోట వాళ్ళు తల దించుకుని మీటర్లు చూస్తుంటారట. ఇంట్లో ఎగిరిన గంటలు ఏ లైసెన్సులోనూ లెక్కకు రావు.

ఇప్పుడు అమ్మగారి భయం. యుద్ధవిమానం నడపడం ప్రమాదంలేని పని అని నేను రాయను. రాస్తే ఆవిడ నమ్మరు కూడా. నేను చెప్పగలిగింది ఒకటే. ఇంటర్ మొదటి సంవత్సరానికీ ఫైటర్ కాక్‌పిట్‌కీ మధ్య ఎన్నో ఏళ్ళున్నాయి, వడపోత మీద వడపోత ఉంది. ఆ దారి ఎక్కడో లేదు, మన హైదరాబాద్ చుట్టుపక్కలే ఉంది. దుండిగల్ అకాడమీలో పిలాటస్ శిక్షణ విమానం మీద మొదలుపెడతారు. ఫైటర్లకి ఎంపికైనవాళ్ళు హకీంపేటలో, ఆ తర్వాత బీదర్‌లో హాక్ జెట్ మీద నేర్చుకుంటారు. చాలామంది రవాణా విమానాలకో హెలికాప్టర్లకో వెళ్తారు. మెట్టు మెట్టుకీ శిక్షకుడు పక్కనో వెనకనో ఉంటాడు, తగడనుకుంటే ఆపేస్తాడు. మీవాడు ఈ రోజు సిద్ధం కానక్కర్లేదు, ఆవిడా ఈ రోజే సిద్ధపడక్కర్లేదు. ఒక్క పని చేయమనండి. ఆ భయం మీతో కాకుండా వాడితోనే చెప్పమనండి. "నాకు భయంగా ఉందిరా" అని అమ్మ నోటితో విన్న పిల్లలు మరింత బాధ్యతగా మాట్లాడటం నేను చూశాను. తండ్రి ద్వారా విన్నప్పుడు అది వాళ్ళకి అడ్డు చెప్పినట్టే వినిపిస్తుంది.

ఇక మిమ్మల్ని కాస్త గట్టిగానే అడగాలి. పన్నెండు వేలు జాయ్‌స్టిక్‌కి పెట్టారు. కంటి పరీక్ష చేయించారా? ఫ్లయింగ్ బ్రాంచికి హ్రస్వదృష్టి, అంటే దూరం ఆనకపోవడం, పెద్ద అడ్డంకి. రంగుల గుర్తింపులో లోపం ఉంటే దారి పూర్తిగా మూతపడుతుంది. ఎత్తు కనీసం 162.5 సెంటీమీటర్లుండాలి, కాళ్ళ పొడవుకీ తొడ పొడవుకీ కూడా కొలతలున్నాయి. ఇవేవీ చూడకుండా పొలం బేరం దాకా వెళ్ళారు. ఎండా వెలుతురూ తగలకుండా తెర ముందు పెరిగే పిల్లల్లో హ్రస్వదృష్టి పెరుగుతుందని కంటి డాక్టర్లు మొత్తుకుంటున్నారు. రాత్రి ఒంటిగంట దాకా ఆ గదిలో కూర్చోనిస్తూ వాడి కలకి వాడి చేతే గండి కొట్టిస్తున్నారు. గంటకి మించి వద్దు, రాత్రిపూట అసలే వద్దు. సాయంత్రం గ్రౌండుకి పంపండి.

సీపీఎల్ గురించి నా అనుమానాలు దాచుకోను. మొదటి సంగతి, అది ఫైటర్ పైలట్ అయ్యే దారి కాదు. మీ అబ్బాయి అడిగింది ఒకటి, కన్సల్టెన్సీ మీకు అమ్ముతున్నది ఇంకొకటి. పౌర లైసెన్సు చేతిలో ఉంటే ఏఎఫ్‌క్యాట్ (వైమానిక దళం ప్రవేశ పరీక్ష) ఫ్లయింగ్ బ్రాంచిలో వయసు పరిమితి 24 నుంచి 26కి పెరుగుతుంది, అంతే. రెండోది, ఆ కాగితం ఉద్యోగం కాదు. 200 గంటలు ఎగిరి, డీజీసీఏ (పౌర విమానయాన నియంత్రణ సంస్థ) పేపర్లు పాసై, విదేశంలో నేర్చుకుంటే ఆ లైసెన్సుని ఇక్కడి లైసెన్సుగా మార్పించుకున్నాక కూడా, ఎయిర్‌బస్ 320 లాంటి ఒక రకం విమానానికి టైప్ రేటింగ్ (ఆ రకం నడిపే ప్రత్యేక శిక్షణ) చేయాలి. దానికి మళ్ళీ లక్షలు. మొత్తం అరకోటి దాటిపోతుంది. మూడోది, మన దేశంలో విమాన కంపెనీల చరిత్ర. కింగ్‌ఫిషర్ 2012లో ఆగిపోయింది, జెట్ ఎయిర్‌వేస్ 2019లో, గో ఫస్ట్ 2023లో. ఒక కంపెనీ మూతపడితే వేల గంటల అనుభవమున్న పైలట్లు మార్కెట్లోకొస్తారు. 200 గంటల కుర్రాడు వాళ్ళ వెనక నిలబడాలి. కంపెనీలు ఇప్పుడు వందల విమానాలకి ఆర్డర్లు పెట్టిన మాట నిజమే. కానీ ఆ విమానం వచ్చే ఏడాదీ, మీవాడికి లైసెన్సు వచ్చే ఏడాదీ ఒకటే అవుతాయని ఎవరు హామీ ఇస్తారు?

నాకు బాగా తెలిసిన ఒక కుటుంబం రెండెకరాలు అమ్మి పిల్లాణ్ణి పంపింది. మంచి పిల్లాడు, బాగానే ఎగిరాడు, లైసెన్సు తెచ్చుకున్నాడు. టైప్ రేటింగ్‌కి డబ్బు మిగల్లేదు. మూడేళ్ళపాటు మేనమామ దగ్గర కాంట్రాక్టు పనుల లెక్కలు రాశాడు. ఆ అబ్బాయి నా ఎదుట కూర్చుని అన్న మాట: "పొలం పక్కనుంచి బస్సులో వెళ్ళాల్సొస్తే కిటికీ అవతలివైపు కూర్చుంటున్నానండీ." ఆ రోజు నాకు అన్నం సయించలేదు. మీ కన్సల్టెన్సీవాళ్ళని 'ఏడాదిన్నరలో ఉద్యోగం' అన్న మాట స్టాంపు పేపర్ మీద రాసిమ్మనండి. 'ట్రైనింగ్' అని రాస్తారు. 'ఉద్యోగం' అని రాయరు.

వాడికి నిజంగా పౌరవిమానాలే ఇష్టమైతే నేను అడ్డు చెప్పను. డీజీసీఏ క్లాస్-2, క్లాస్-1 వైద్య పరీక్షలు రెండూ పాసయ్యేదాకా ఒక్క రూపాయి కట్టొద్దు. ఆ తర్వాత కూడా, ఉన్న ఒక్క ఆస్తి మీద కాదు.

ఎన్డీఏ పరీక్ష విధానం మీవాడికే తెలిసి ఉంటుంది, ఆ జోలికి వెళ్ళను. చదువు, తిండి, శిక్షణ అన్నీ ప్రభుత్వ ఖర్చే. కానీ నోటిఫికేషన్‌లో ఎయిర్‌ఫోర్స్ ఫ్లయింగ్ సీట్లు దేశం మొత్తానికి 92. తెలియక చాలామంది దెబ్బతినే విషయం ఇంకొకటి ఉంది. పైలట్ ఎంపికకి పెట్టే కంప్యూటర్ పరీక్ష, సీపీఎస్ఎస్, జీవితంలో ఒక్కసారే. అందులో పోతే తర్వాత ఏఎఫ్‌క్యాట్‌తో వెళ్ళినా, త్రివిధ దళాల ఉమ్మడి పరీక్ష సీడీఎస్‌తో వెళ్ళినా ఫ్లయింగ్ బ్రాంచి ఉండదు. 'అనుభవం కోసం ఓసారి రాసొస్తాడు' అని పంపకండి. కళ్ళూ చేతులూ కాళ్ళూ ఒక్కసారి పనిచేయించే అలవాటు అక్కడ పనికొస్తుంది. వాడి జాయ్‌స్టిక్‌కి ఏమైనా విలువుంటే అక్కడే ఉంటుందని నా అభిప్రాయం.

మనవాళ్ళు రాతపరీక్షలో ఆగిపోరు. ఎస్ఎస్‌బీ (అధికారుల ఎంపిక బోర్డు) ఐదు రోజుల ఇంటర్వ్యూలో ఆగిపోతారు. పొద్దున్నుంచి రాత్రిదాకా కాలేజీలో తల వంచుకుని బిట్లు పెట్టిన పిల్లాణ్ణి తీసుకెళ్ళి, ముక్కూమొహం తెలియని ఎనిమిదిమంది మధ్య నిలబెట్టి, తాడూ చెక్కా ఇచ్చి ఈ అడ్డంకి దాటించమంటే వాడేం చేస్తాడు? వీధిలో ఒక క్రికెట్ మ్యాచ్ నడిపించని పిల్లాడు, కరెంటు బిల్లు కట్టి రాని పిల్లాడు, బంధువులొస్తే గదిలోకి పోయే పిల్లాడు. ఆ తప్పు వాడిది కాదు, మనది. ఎరువుల బస్తాలు దింపుతున్నప్పుడు కూలీల పక్కన ఎప్పుడైనా నిలబెట్టారా వాణ్ణి? మీకు అలాంటి వ్యాపారమే ఉందో లేదో నాకు తెలియదు. ఏ వ్యాపారమైనా, ఏ పొలమైనా, నలుగురితో పని చేయించే చోటికి తీసుకెళ్ళండి.

ఏరోస్పేస్ బీటెక్ గురించి రెండు ముక్కలు. పేరు చూసి ఏదో ఒక కాలేజీలో చేర్చకండి. మంచి సంస్థలో సీటొస్తే తీసుకోవచ్చు, లేకపోతే మెకానికలో ఎలక్ట్రానిక్సో నయం. ఇలాంటి సిమ్యులేటర్లు తయారుచేసే పని కూడా ఒకటుంది. హైదరాబాద్‌లో జెన్ టెక్నాలజీస్ సైనిక శిక్షణకి సిమ్యులేటర్లు చేస్తుంది, బెంగళూరులో డీఆర్‌డీఓ వాళ్ళ ఏడీఈ ప్రయోగశాల చేస్తుంది. కంటి రిపోర్టు అనుకూలంగా రాకపోతే మీవాడి ఇష్టానికి చోటు అక్కడ దొరుకుతుంది. ఇంట్లో చెల్లెలుంటే ఇవన్నీ ఆమెకీ వర్తిస్తాయి. తొలి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు 2016లో దుండిగల్ నుంచే బయటికొచ్చారు, 2022 నుంచి ఎన్డీఏలోనూ అమ్మాయిలు చేరుతున్నారు.

పొలానికి అడ్వాన్సు తీసుకుని ఉంటే తిరిగిచ్చేయండి. ఈ వారంలోనే కంటి డాక్టరుకి చూపించండి, రంగుల పరీక్ష కూడా చేయమని అడగండి. ఆదివారం మీరిద్దరూ వాడి గదిలో కుర్చీలు వేసుకుని, విమానం మొదట్నుంచి స్టార్ట్ చేసి చూపించమనండి. మధ్యలో ఫోను చూడకండి. రిపోర్టు వచ్చాక మళ్ళీ రాయండి, ఈసారి వాణ్ణే రాయమనండి. పరీక్షల తేదీలు చూసుకుని, ఎప్పుడు ఏది రాయాలో నేనూ వాడూ కూర్చుని వేసుకుంటాం.