పాప పాలసీ తర్వాత, ముందు మీ ఇల్లు కుదుటపడాలి

ప్రశ్న: మాది గాజువాక. మా వారు పరవాడ ఫార్మాసిటీలో షిఫ్టు డ్యూటీ చేస్తారు, చేతికి 41,000 వస్తుంది. నేను ఆటోనగర్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, జీతం 27,000. ఇప్పుడు ప్రసూతి సెలవులో ఉన్నాను. పాపకు రెండున్నర నెలలు. అద్దె 12,000, బండి ఈఎంఐ 3,600, ఇంటి సరుకులు 16,000, ఊళ్లో మావయ్యగారికి 4,000, పెట్రోలు ఫోన్లు 6,000, పాపకు 7,000 అవుతున్నాయి. ఆపరేషన్‌కు ఇన్సూరెన్స్ పోగా కట్టింది, బారసాల ఖర్చు కలిసి క్రెడిట్ కార్డు మీద 85,000 ఉంది. మినిమమ్ కడుతున్నాం. వీధిలో లక్ష రూపాయల చీటీ ఉంది. నెలకు 5,000 చొప్పున 20 నెలలు. 12 కట్టాం, ఇంకా పాడలేదు. బ్యాంకులో 60,000, బారసాల చదివింపులు 35,000 ఉన్నాయి. మా చిన్నమావయ్యగారు బీమా ఏజెంటు. పాప చదువు కోసమని నెలకు 6,000 పాలసీ రాయించారు, అందులో మా వారి మీద 10 లక్షల బీమా ఉంది. ఒక ప్రీమియం కట్టాం, బాండు వచ్చి 12 రోజులైంది. మా అమ్మ అనకాపల్లి వెళ్లిపోయాక నాకు నిద్రే లేదు. పనిమనిషిని పెట్టుకుందామంటే ఈ అప్పుల్లో దండగ అనిపిస్తోంది. ఉద్యోగం మానేయాలా అని కూడా ఆలోచిస్తున్నాను. పాప భవిష్యత్తు కోసం ఏం చేయాలి?

జవాబు:

మీ ఉత్తరంలో తేదీతో ముడిపడిన విషయం ఒకటుంది కాబట్టి ముందు దానితో మొదలుపెడతాను. పాలసీ బాండు చేతికి వచ్చిన 30 రోజుల్లోపు వద్దనుకుంటే వెనక్కి ఇచ్చేయొచ్చు. దీన్నే ఫ్రీలుక్ అంటారు. ఇన్ని రోజులు బీమా ఇచ్చినందుకు కొంత, స్టాంపు ఖర్చు, వైద్య పరీక్షలు చేయించి ఉంటే ఆ ఖర్చు పట్టుకుని మిగతాది తిరిగి ఇస్తారు. మీకు ఇంకా 18 రోజులుంది. ఈ వారమే బీమా కంపెనీ బ్రాంచికి మీ వారు వెళ్లి, రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకుని రావాలి. ఫోన్లో చెప్పి వదిలేయకండి.

ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. మీ వారి జీతం ఏడాదికి దాదాపు 5 లక్షలు. రేపు ఆయనకు జరగరానిది జరిగితే ఆ 10 లక్షలు మీకూ పాపకూ రెండేళ్లు వస్తాయి. పాపకు అప్పటికి ఇంకా అక్షరాభ్యాసం కూడా అయి ఉండదు. పొదుపు కింద చూసినా, ఇలాంటి సంప్రదాయ పాలసీల్లో చివరికి చేతికొచ్చేది సాధారణంగా ఏడాదికి 5–6 శాతం లెక్కన పడుతుంది. పైగా మీ ఇంట్లో ఇప్పుడున్న పరిస్థితిలో నెలకు 6,000 చాలా పెద్ద మొత్తం. దాన్ని 20 ఏళ్ల తర్వాతి రోజుకు కట్టేసి, ఈ నెల పాలకూ మందులకూ కార్డు గీకడం నాకు బాధగా ఉంది.

మరి చిన్నమావయ్యగారితో ఎలా? ఇలాంటి చోట డబ్బు లెక్క కన్నా మొహమాటమే ఎక్కువ పనిచేస్తుందని నాకు తెలుసు. "బాబాయ్, ఇది ఆపేసి నా పేరు మీద కోటి రూపాయలకు టర్మ్ పాలసీ మీరే చేయించండి" అని మీ వారినే అడగమనండి. టర్మ్ పాలసీ అంటే పొదుపు కలపకుండా, మనిషి పోతేనే డబ్బు వచ్చే బీమా. అది ఆయనా అమ్ముతారు. చుట్టరికం చెడదు, మీకు కావలసిన బీమా దొరుకుతుంది. 30 ఏళ్ల చుట్టుపక్కల వయసుండి, పొగాకు అలవాటు లేనివారికి 60 ఏళ్ల దాకా కోటి రూపాయల టర్మ్ ఏడాదికి సుమారు 12,000 దగ్గర ఉండొచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద జీఎస్టీ కూడా లేదు. ఫార్మా ప్లాంటులో పనిచేసేది ఏ విభాగంలోనో, రసాయనాల దగ్గరా కాదా అన్నది దరఖాస్తులో ఉన్నదున్నట్టు రాయాలి. ప్రీమియం కాస్త పెరిగినా ఫర్వాలేదు, దాచిపెడితే క్లెయిము రోజున మీరే ఇబ్బంది పడతారు. ఫారం నింపేటప్పుడే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద ఇవ్వమని అడగండి. అప్పుడు ఆ డబ్బు మీకూ పాపకే చెందుతుంది, అప్పులవాళ్లు దాని జోలికి రాలేరు. మీ మీద కూడా 50 లక్షల టర్మ్ ఉండాలి. ఈ ఇల్లు మీ జీతం మీద కూడా నడుస్తోంది కదా.

ఇక కార్డు సంగతి. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం దగ్గర ఉంటుంది, మీ స్టేట్‌మెంటులో చూసుకోండి. ఆ లెక్కన 85,000 మీద నెలకు 2,975 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 535, మొత్తం 3,510. మీరు కట్టే మినిమమ్ 5 శాతం అనుకుంటే 4,250. అంటే అసలులో తీరేది నెలకు 740 రూపాయలే. పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది, మామూలుగా ఉండే గడువు ఉండదు. అందుకే ఆ కార్డును కొన్నాళ్లు బీరువాలో పెట్టేయండి.

దీన్ని తీర్చడానికి బ్యాంకులో ఉన్న 60,000 తీయాలనిపిస్తుంది. తీయొద్దు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో అర్ధరాత్రి జ్వరం వస్తే చేతిలో డబ్బుండాలి. మీ దగ్గర చీటీ ఉంది, దాన్ని వచ్చే నెల పాడేయండి. చివరిదాకా ఆగితే మొత్తం లక్షా వస్తుందని ఆగుతున్నారు, సహజమే. కానీ ఇంకా 8 నెలలు ఆగితే కార్డుకు వడ్డీ, జీఎస్టీ కలిపి 27,000 దాకా పోతాయి. ఇప్పుడు పాటలో 7,000 వదులుకున్నా 93,000 చేతికొస్తాయి. అందులోంచి 85,000 ఒక్కసారే కార్డుకు కట్టేయండి. ఆ నెల పడే వడ్డీ తెలియాలంటే ముందు రోజు కస్టమర్ కేర్‌ను అడిగి పూర్తి మొత్తం కనుక్కోండి. ఇంకో కారణం కూడా ఉంది. వీధిలో నడిచే చీటీకి రిజిస్ట్రేషన్ ఉండడం అరుదు. అలాంటిదాంట్లో ఏదైనా తేడా వస్తే అడిగే దిక్కుండదు. డబ్బు మీ దగ్గరికి ముందే వచ్చేస్తే ఆ టెన్షన్ మీకుండదు. ఎత్తుకున్నాక మిగిలిన 8 వాయిదాలూ తప్పకుండా కట్టండి.

చీటీలో మిగిలే 8,000, పాలసీ వెనక్కి ఇస్తే వచ్చేది కలిపితే మీ వారి టర్మ్ మొదటి ఏడాది ప్రీమియానికి దాదాపు సరిపోతుంది. బ్యాంకులోని 60,000, చదివింపుల 35,000 మొత్తం 95,000 కదలకుండా వేరే ఖాతాలో ఉంటాయి.

ఇప్పుడు పనిమనిషి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ 'దండగ' అన్న మాటే. కడుపు కోసి బిడ్డను తీసి మూడు నెలలు కూడా కాలేదు. మీ వారికి నైట్ షిఫ్టులున్నాయి, అమ్మ దగ్గర లేరు. అంట్లు, బట్టలు, ఇల్లు తుడవడానికి నెలకు 3,500 పెట్టి మనిషిని పెట్టుకోండి. నేను వేసే లెక్కలో ఇది అద్దె తర్వాత రాసే ఖర్చు. "మేం పెంచలేదా పిల్లల్ని" అని ఎవరైనా అంటే, వాళ్లకు ఇంటి నిండా మనుషులుండేవారని గుర్తుపెట్టుకోండి. నిద్ర లేకపోవడంతో పాటు ఊరికే ఏడుపు రావడం, ఏదీ పట్టనట్టు ఉండడం రెండు వారాలు దాటి సాగుతుంటే మీ డాక్టరమ్మతో చెప్పండి. టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

పాప ఖర్చు 7,000లో కొంత తగ్గించొచ్చు. టీకాలన్నీ ప్రైవేటులో వేయిస్తున్నారేమో. పుట్టగానే వేసే బీసీజీ దగ్గర నుంచి పెంటావాలెంట్, పోలియో, రోటావైరస్, న్యుమోనియా టీకా దాకా పట్టణ ఆరోగ్య కేంద్రంలో ఉచితం. 14 వారాల టీకా ఎలాగూ దగ్గరపడింది. ఇప్పటికే ప్రైవేటులో నొప్పి తక్కువ ఉండే రకం మొదలుపెట్టి ఉంటే, మార్చే ముందు పిల్లల డాక్టరును ఒక మాట అడగండి. డైపర్లు రాత్రికీ బయటికి వెళ్లినప్పటికీ ఉంచి, పగలు మెత్తటి పాత చీర గుడ్డలు వాడితే ఆ ఖర్చు సగానికి దిగుతుంది. తగ్గినదాన్ని నేను లెక్కలో వేయడం లేదు, ఏదో ఒక ఖర్చు వస్తూనే ఉంటుంది.

ఉద్యోగం మానేయాలా అన్నారు. ఇప్పుడే నిర్ణయించుకోకండి, మీకు సమయం ఉంది. చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో కూడిన సెలవు. మీరు కాన్పుకు కొన్ని వారాల ముందే సెలవు పెట్టి ఉంటారు కాబట్టి పాపకు అయిదున్నర నెలల దగ్గర అది ముగుస్తుందనుకుందాం. అంటే ఇంకో మూడు నెలలు జీతం వస్తుంది. పాలసీ ఆగి, కార్డు తీరితే మీ ఖర్చు చీటీతో కలిపి 53,600, పనిమనిషితో 57,100. వచ్చేది 68,000. నెలకు 10,900 మిగులుతుంది, మూడు నెలలకు 32,700. మీరు ఆ తర్వాత జీతం లేకుండా ఇంట్లో ఉంటే నెలకు 16,100 లోటు, రెండు నెలలకు 32,200. మీరు ఇప్పుడు దాచేది అప్పటి రెండు నెలలకు సరిగ్గా సరిపోతుంది, ఆ 95,000 ముట్టుకోనక్కర్లేదు. పాపకు ఏడు నెలలు దాటతాయి, అన్నప్రాశన అయి మెత్తటి అన్నం తింటూ ఉంటుంది. అందుకని ఇప్పుడే మీ మేనేజరుకు మెయిల్ పెట్టి రెండు నెలలు జీతం లేని సెలవు అడగండి.

తిరిగి చేరాక పాప దగ్గర మనిషిని పెడితే మీ జీతంలో పెద్ద భాగం అక్కడికే పోతుంది. కొన్ని నెలలు ఏమీ మిగలకపోవచ్చు. దాన్ని చూసి ఉద్యోగం వృథా అనుకోకండి. పీఎఫ్, ఇంక్రిమెంట్లు, అనుభవం అన్నీ నడుస్తూనే ఉంటాయి, మూడేళ్లు ఆగి అడిగితే ఇదే జీతానికి ఉద్యోగం దొరకడం కష్టం. మీ కంపెనీలో 50 మంది, అంతకు పైన ఉంటే పిల్లల్ని చూసే క్రెష్ సౌకర్యం ఉండాలని చట్టం చెప్తోంది. పాపకు 15 నెలలు వచ్చేదాకా పాలివ్వడానికి రోజుకు రెండుసార్లు విరామం కూడా మీ హక్కు. అయితే పాపను వదిలి ఉండలేనని మీ మనసు గట్టిగా చెప్తే అదీ సరైన కారణమే. అప్పుడు అద్దె తగ్గే ఇల్లు చూసుకోవడం లాంటివి ముందే మాట్లాడుకోవాలి.

కాగితాల పని కొంత ఉంది. మీ వారి కంపెనీ గ్రూపు ఆరోగ్య బీమాలో పాప పేరు చేరిందో లేదో రేపే హెచ్‌ఆర్‌ను అడగండి. చాలా కంపెనీల్లో పుట్టిన కొద్ది రోజుల్లోనే చెప్పాలన్న నియమం ఉంటుంది, గడువు దాటినా ఒకసారి రాసి అడగడంలో తప్పు లేదు. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇచ్చే జనన ధ్రువపత్రంలో పాప పేరు ఎక్కించండి. పుట్టిన ఏడాదిలోపు అయితే ఆలస్య రుసుము లేదు. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకు బడికీ పాస్‌పోర్టుకీ అదే ఆధారం కాబట్టి ఇంగ్లీషు స్పెల్లింగు ఒకటికి రెండుసార్లు చూసుకోండి. మీ ఇద్దరి పీఎఫ్ నామినేషన్లు కూడా చూడండి. పెళ్లికి ముందు నాన్నగారి పేరో అన్నయ్య పేరో రాసి ఉంటే పెళ్లితోనే అది చెల్లకుండా పోయింది. ఆన్‌లైన్‌లో కొత్తగా ఇవ్వాలి. పీఎఫ్ ఉన్నవాళ్లకు దానితో పాటే వచ్చే ఈడీఎల్ఐ అనే పథకం కింద 7 లక్షల దాకా బీమా ఉంటుంది. నామినేషన్ లేకపోతే ఆ డబ్బు కోసం ఇంటివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగాలి.

మొదటి పుట్టినరోజుకు ఫంక్షన్ హాలు మాట ఇప్పటికే మీ ఇంట్లో వచ్చి ఉంటుంది. ఎంత ఖర్చు పెట్టాలో ఇప్పుడే ఇద్దరూ అనుకుని పెద్దవాళ్లకు చెప్పేయండి. సింహాచలం అప్పన్న దర్శనం చేసుకుని, ఇంట్లో నలుగురికి భోజనం పెడితే పాపకు ఏ లోటూ రాదు. ఇంకో బారసాల బిల్లు మాత్రం కార్డు మీదికి రాకూడదు.

పాప చదువుకు సుకన్య సమృద్ధి ఖాతా తెరవండి. జనన ధ్రువపత్రం తీసుకుని పోస్టాఫీసుకు వెళ్తే అయిపోతుంది. ఈ ఏడాదికి కనీస మొత్తం 250 వేస్తే చాలు. ఖాతా తెరిచిన రోజు నుంచి 15 ఏళ్లు కట్టాలి, 21 ఏళ్లకు ముగుస్తుంది. పాపకు 18 వచ్చాక గానీ పదో తరగతి పాసయ్యాక గానీ చదువు కోసం సగం దాకా తీసుకోవచ్చు. వడ్డీ 2024 జనవరి నుంచి 8.2 శాతంగా సాగుతూ వచ్చింది, దాని మీద పన్ను లేదు. ప్రభుత్వం మూడు నెలలకోసారి రేటు చూస్తుంది. ఇదే రేటు నిలిస్తే నెలకు 1,000 చొప్పున వేసినా 21 ఏళ్ల నాటికి సుమారు ఐదున్నర లక్షలు అవుతాయి. ఎనిమిది నెలల తర్వాత చీటీ వాయిదా 5,000 ఖాళీ అవుతుంది కదా, అందులో 2,000 సుకన్యకు, 1,500 మీ ముగ్గురికీ సొంతంగా తీసుకునే ఆరోగ్య బీమాకు, 1,500 ఆ 95,000 పక్కన చేర్చడానికి పెట్టుకోండి. సుకన్యలో వేసేది ప్రతి నెలా 5వ తేదీ లోపు పడేలా చూడండి. 5 దాటితే ఆ నెలకు దాని మీద వడ్డీ రాదు.