న్యూజెర్సీలో పిల్లల్ని కొడితే అబ్యూజ్ కేసు అవుతుందా?

ఎడిసన్‌లో ఉంటున్న తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. వేసిన ప్రతి దెబ్బా కేసు కాదు. ఆ రాష్ట్ర చట్టం తప్పు పట్టేది ‘మితిమీరిన’ శారీరక శిక్షని. ఎంత వరకు మితి అన్నది చట్టంలో లేదు, జడ్జి తేల్చాలి. జ్యూరీ ఉండదు.

2010లో అప్పీలు కోర్టు తీర్పిచ్చిన కె.ఎ. కేసు చూడండి. ఎదుగుదల సమస్య ఉన్న ఎనిమిదేళ్ల పాప చెప్పిన మాట వినడం లేదని తల్లి పిడికిలితో భుజం మీద నాలుగైదుసార్లు గుద్దింది. భుజం కమిలింది. కింది కోర్టు అబ్యూజ్ అంది, పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది. ఆమె చేసింది సరైనదేనని కాదు. అది ఒక్కసారే జరిగింది, గాయం పెద్దది కాదు, ఆ పాపను సముదాయించడం ఎంత కష్టమో కోర్టు గమనించింది, తల్లి పశ్చాత్తాపపడింది.

అదే, బెల్టు వాత తేలినా, ఎముక విరిగినా, ఇలా మళ్లీ మళ్లీ జరిగినా లెక్క మారిపోతుంది. పిల్లాడి వయసు కూడా చూస్తారు. మన ఇళ్లలో ‘రెండు తగిలించాం’ అని తేలిగ్గా అనేస్తాం గానీ, చిన్న పిల్లాడి ఒంటి మీద ఆ రెండూ ఎంత బరువో నాకు తలుచుకుంటేనే బాధేస్తుంది.

క్రిమినల్ కేసు లేకపోయినా, అబ్యూజ్ రుజువైతే కొట్టినవాళ్ల పేరు రాష్ట్ర రిజిస్ట్రీలో (పిల్లల అబ్యూజ్ కేసుల జాబితాలో) చేరుతుంది. డేకేర్ ఉద్యోగానికీ దత్తతకీ దాన్ని తీసి చూస్తారు. అందుకే పిల్లల సంరక్షణ అధికారులు ఇంటికొచ్చిన రోజే లాయర్‌తో మాట్లాడండి.