బడి వయసు వేరు, గోడ వయసు వేరు

ప్రశ్న: మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూలు చరిత్ర మీద చిన్న పుస్తకం వేస్తున్నాం. గేటు కమాను మీద 1913 అని ఉంది. హాలు గోడకున్న రాతిఫలకం బాగా అరిగిపోయింది. ‘రౌద్రి నామ సంవత్సరం’, ‘తాలూకా బోర్డు’ అన్న మాటలే కనిపిస్తున్నాయి. పుస్తకంలో ఏ ఏడాది వేయమంటారు?
– ఒక పూర్వ విద్యార్థి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: రెండూ వేయొచ్చు, కాకపోతే ఏది దేనిదో తేల్చుకున్నాకే. ఆ రోజుల్లో చాలా బళ్లు సత్రంలోనో, అద్దె పెంకుటింట్లోనో కొన్నేళ్లు నడిచాక గానీ సొంత గోడల మధ్యకు రాలేదు. పుట్టిన ఏడాదినీ, భవనం లేచిన ఏడాదినీ కలిపేయడం బళ్ల చరిత్రల్లో మామూలుగా జరిగే పొరపాటు.

ముందు ఫలకం సంగతి. రౌద్రి అరవై ఏళ్లకోసారి వస్తుంది: 1860–61, 1920–21, 1980–81. మద్రాసు ప్రెసిడెన్సీలో తాలూకా బోర్డులు 1884 చట్టంతో ఏర్పడి, 1934లో రద్దయ్యాయి. కాబట్టి 1860కీ 1980కీ చోటు లేదు. మీ ఫలకం 1920 ఉగాదికీ 1921 ఉగాదికీ మధ్యది. గవర్నరు పేరేమైనా కనిపిస్తుందేమో చూడండి. పెంట్లండ్ అయితే 1912–19, విల్లింగ్డన్ అయితే 1919–24, గోషెన్ అయితే 1924–29. మీ రాయి మీద విల్లింగ్డన్ పేరు దొరికితే లెక్క సరిపోయినట్టే. ‘జిల్లా బోర్డు’ అని ఉండే ఫలకాలతో ఇంత తేలిగ్గా తేలదు. ఆ పేరు 1959 నవంబరు 1న జిల్లా పరిషత్తులు వచ్చేదాకా నడిచింది.

అరిగిన అక్షరాలకు సుద్దా, ఆయిల్ పెయింటూ పూయకండి. చీకటి పడ్డాక టార్చిని రాయికి దాదాపు ఆనించి, పక్కనుంచి వెలుతురు వేయండి. గీతల అంచుల నీడ పడి, పగలు కనిపించని అక్షరం కూడా తేలుతుంది. ఎడమనుంచి ఒకసారి, పైనుంచి ఒకసారి ఫొటో తీసి రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. ‘శంకుస్థాపన’ అని ఉందా, ‘ప్రారంభోత్సవం’ అని ఉందా అన్నది ముఖ్యం. శంకుస్థాపన రాయి పని మొదలైందనే చెబుతుంది, పూర్తయిందని కాదు.

ఇక 1913. కమాను సిమెంటు కాంక్రీటుదైతే దాన్ని సాక్ష్యంగా తీసుకోకండి, తర్వాతివాళ్లు చెప్పుకున్న మాటను అక్కడ రాయించి ఉంటారు. అసలు సాక్షి అడ్మిషన్ రిజిస్టరు. మొదటి సంపుటం చెదలు తినేసినా ఫరవాలేదు, దొరికిన వాటిలో అన్నిటికన్నా పాతదాని మొదటి నంబరు చూడండి. ఉదాహరణకు 1931 జూన్‌లో మొదలయ్యే సంపుటం 1843వ నంబరుతో మొదలైందనుకోండి. అంతకుముందు 1842 మంది చేరారన్నమాట. ఏడాదికి సగటున 110 మంది చేరితే దాదాపు 17 ఏళ్లు, అంటే 1914 ప్రాంతం. తొలి ఏళ్లలో చేరికలు తక్కువ కాబట్టి నిజమైన ఏడాది ఇంకాస్త వెనక్కే ఉంటుంది. మిడిల్ స్కూలు హైస్కూలు అయినప్పుడు నంబర్లు మళ్లీ ఒకటి నుంచి వేసిన చోట్లు కూడా ఉంటాయి, అది గమనించుకోండి.

పైకప్పులో ఇనప గడ్డర్లుంటే మసి తుడిచి, నడుము భాగం మీద ఉబ్బెత్తు అక్షరాలు చదవండి. జంషెడ్‌పూర్‌లో టాటా ఉక్కు తయారైంది 1912లో. ఆ పేరుంటే కప్పు అంతకుముందుది కాదు. పెంకుల మీది ముద్రను మాత్రం నమ్మకండి, కోతులకూ గాలివానకూ పగిలి ఎన్నిసార్లు మారాయో!

ప్రశ్న: మా పాత వస్తానియా (నిజాం కాలపు మిడిల్ స్కూలు) బడి ఫలకం ఉర్దూలో ఉంది. దాని మీద 1335 అని చదివారు. అది ఏ ఏడాది?
– ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

జవాబు: అంకె పక్కనున్న అక్షరం చూడండి. ‘ఫే’ అయితే ఫసలీ, అంటే రెవెన్యూ లెక్కలకు వాడిన సంవత్సరం, 590 కలపండి: 1925. నిజాం రాజ్యంలో ఫసలీ ఏడాది ఆజూర్ నెలతో, అక్టోబరులో మొదలయ్యేది, కనక 1925 అక్టోబరు నుంచి 1926 అక్టోబరు దాకా. ‘హే’ అయితే హిజ్రీ. హిజ్రీ 1335 అంటే 1916–17. ఒక్క అక్షరం తప్పు చదివితే తొమ్మిదేళ్లు తేడా వస్తుంది. కోస్తాలో రెవెన్యూ ఫసలీ జులై 1న మొదలయ్యేది, రెంటినీ కలపకండి.

ప్రశ్న: బడి స్థలం ఒక కుటుంబం దానమిచ్చిందంటారు. రుజువు ఎక్కడ దొరుకుతుంది? – గుంటూరు జిల్లా

జవాబు: మొదట తాసీల్దారు కార్యాలయంలో ఆర్‌ఎస్‌ఆర్ (రీసర్వే సెటిల్‌మెంట్ రిజిస్టరు), అంటే పాతవాళ్లు డైగ్లాట్ అనే రిజిస్టరులో సర్వే నంబరు చూడండి. ‘పోరంబోకు’ అని ఉంటే ఆ రిజిస్టరు రాసేనాటికే అది సర్కారు భూమి కింద నమోదైందన్నమాట, అంతమాత్రాన దానం కథ అబద్ధమని తేల్చేయకండి. పట్టాదారు పేరుంటే సబ్‌రిజిస్ట్రారు దగ్గరకు వెళ్లండి. ఆన్‌లైన్ ఈసీలో (ఆస్తి లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచి జరిగినవే కనిపిస్తాయి. అంతకు ముందువాటికి చేత్తో వెతకమని దరఖాస్తు పెట్టాలి. సర్వే నంబరుతో పాటు దాత పేరు, తండ్రి పేరు కూడా ఇవ్వండి, పేర్ల సూచిక విడిగా ఉంటుంది.

ప్రశ్న: నాలుగేళ్ల కిందట సున్నపు గోడలకు సిమెంటు పూత వేయించాం. ఇప్పుడు పూత పెచ్చులూడి, లోపల ఇటుక పొడిపొడిగా రాలుతోంది. మేస్త్రీ మళ్లీ సిమెంటే అంటున్నాడు. – పాఠశాల కమిటీ సభ్యుడు, ప్రకాశం జిల్లా

జవాబు: మళ్లీ సిమెంటు వేస్తే ఈసారి ఇటుక ఇంకా లోపలిదాకా పోతుంది. సున్నపు గోడ నేలనుంచి చెమ్మ పీల్చి పైపూత గుండా ఆరబెట్టుకుంటుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. నీటిలోని ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి, ఉబ్బి, ఇటుకను పిండి చేస్తుంది.

ముందు చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో చూడండి. రోడ్డు ఎత్తయి మట్టి పునాది అరుగును దాటి గోడకు ఆనితే దాన్ని తవ్వి తీయండి. కారే గొట్టం బాగుచేయండి. తర్వాత చెమ్మ గీత పైన మరో రెండడుగుల దాకా సిమెంటు పూత ఊడదీసి, గోడను కొన్ని వారాలు ఆరనివ్వండి. తెల్లగా పొంగే ఉప్పును పొడి చీపురుతో ఊడ్చాలి, కడగకూడదు.

రాతి సున్నాన్ని గోతిలో కనీసం మూడు వారాలు నీళ్లకింద నాననివ్వాలి. తొందరపడితే నానని పలుకులు పూతలో పేలి పొక్కులవుతాయి. నీళ్లలోకి సున్నం వేయాలి గానీ సున్నం మీద నీళ్లు పోయకూడదు, చిమ్మితే కళ్లకు ప్రమాదం. జల్లించిన ఏటి ఇసుక మూడు పాళ్లు, సున్నపు ముద్ద ఒక పాలు. సముద్రపు ఇసుక వద్దు, అది మళ్లీ ఉప్పు తెస్తుంది. గోడ తడిపి ఒక్కో పూత పది మిల్లీమీటర్ల మందాన రెండు పూతలు. మొదటిది గట్టిపడుతుండగా గీతలు గీస్తే రెండోది పట్టుకుంటుంది. తడి గోనెసంచులు కప్పి పది పన్నెండు రోజులు ఆరకుండా చూసుకోండి, ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పెట్టుకోకండి. ‘గట్టిదనానికి గుప్పెడు సిమెంటు కలుపుతా’ అని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి. పైన ఎమల్షన్ రంగు కాకుండా మూడు చేతుల వెల్ల వేయించండి.