నర్సింగ్ అడ్మినిస్ట్రేషన్‌లో థీసిస్: ఏ ప్రశ్న తీసుకోవాలి?

ప్రశ్న: మాది హిందూపురం. బెంగళూరులో ఎమ్మెస్సీ నర్సింగ్ మొదటి ఏడాది, మెడికల్ సర్జికల్. నర్సింగ్ సూపరింటెండెంట్ కావాలని కోరిక. థీసిస్ అడ్మినిస్ట్రేషన్ వైపు చేస్తానంటే 'నర్సుల ఉద్యోగ సంతృప్తి' తీసుకోమంటున్నారు. సినాప్సిస్ (థీసిస్ ప్రతిపాదన) ఇచ్చే సమయం దగ్గర పడింది. ఏం చేయను?

జవాబు: ఉద్యోగ సంతృప్తి వద్దమ్మా. ఫారాలు పంచి, 'ఓ మోస్తరు సంతృప్తి ఉంది' అని తేల్చితే, దాన్ని చూసి ఎవరూ డ్యూటీ లిస్టు మార్చరు. ఈ రంగంలో ముందు తేలాల్సింది ఒకటే: నర్సులు తక్కువైతే పేషెంటుకు ఏమవుతోంది? 2002లో అమెరికా నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రుల్లో ఆపరేషన్ పేషెంట్లను పరిశీలించింది. నర్సుకు ఒక్క పేషెంటు పెరిగినా, 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం పెరిగిందని తేల్చింది. మీ స్పెషాలిటీకి ఇంతకంటే దగ్గరి విషయం లేదు.

థీసిస్‌లో మరణాలు లెక్కించలేరు కాబట్టి 'మిగిలిపోయిన సేవలు', అంటే చేయాల్సి ఉండీ చేయలేకపోయిన పనులు తీసుకోండి. ఒక్కో నర్సు చూసే పేషెంట్లు పెరిగితే అవీ పెరుగుతున్నాయా అన్నదే మీ ప్రశ్న. పేషెంటును రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, నోరు శుభ్రం చేయడం, ఇన్‌టేక్-అవుట్‌పుట్ చార్టు (లోపలికి వెళ్లిన, బయటికి వచ్చిన ద్రవాల లెక్క) రాయడం, డిశ్చార్జి జాగ్రత్తలు చెప్పడం లాంటివి. వీటిని కొలవడానికి నర్సింగ్ పరిశోధకురాలు బియాట్రిస్ కాలిష్ రూపొందించిన మిస్‌కేర్ సర్వే అనే ప్రశ్నావళి ఉంది. దాన్ని వాడుకునే అనుమతి కోసం ఇప్పుడే ఈమెయిల్ రాయండి. నర్సులంతా ఇంగ్లిష్‌లో చదివినవాళ్లే కాబట్టి అనువాదం పెట్టుకోకండి, పని రెట్టింపవుతుంది.

చాలామంది బోల్తా పడేది నర్సుల లెక్క దగ్గర. 30 పడకల వార్డులో రిజిస్టరులో 10 మంది ఉంటే '1:3' అని రాసేస్తారు. వీక్లీ ఆఫ్, నైట్ ఆఫ్, సెలవులు పోను రోజుకు ఏడుగురు వస్తారనుకుందాం. మూడు షిఫ్టులకు పంచితే షిఫ్టుకు ఇద్దరో ముగ్గురో. అంటే ఒక్కో నర్సు చేతిలో 10 నుంచి 15 మంది. అందుకే రిజిస్టరు చూడకుండా, 'మీ చివరి షిఫ్టులో ఎంతమంది పేషెంట్లను చూశారు?' అని ప్రతి నర్సునూ అడగండి. స్టూడెంట్లను లెక్కలోకి తీసుకోకండి.

శాంపిల్: పేషెంట్ల సంఖ్యకూ మిగిలిపోయిన సేవలకూ మధ్య సహసంబంధం 0.3 ఉంటుందనుకుని, 80 శాతం పవర్‌తో (ఉన్న సంబంధాన్ని పట్టుకునే అవకాశం) వేస్తే 85 మంది నర్సులు వస్తారు. తిరిగిరాని ఫారాలుంటాయి కనుక 100 పెట్టుకోండి. పైలట్‌కు (ముందస్తు చిన్న పరీక్షకు) తీసుకున్న 10 మందిని ఇందులో కలపకూడదు.

ఫారాలు వార్డు ఇన్‌చార్జి చేత పంచిస్తే అందరూ 'అన్నీ చేశాం' అనే రాస్తారు. భయం మరి. తాళం వేసిన పెట్టె పెట్టండి. పేరు, ఎంప్లాయీ నంబరు వద్దు. అనుభవం కూడా '7 ఏళ్లు' అని కాకుండా '5 నుంచి 10' అని అడగండి. చిన్న వార్డులో ఆ ఒక్క అంకెతోనే మనిషి దొరికిపోతుంది.

నాయకత్వం మీదే చేయాలనుంటే, సీనియారిటీతో ఇన్‌చార్జి అయినవారికి డ్యూటీ లిస్టు వేయడంలో ఏ శిక్షణ అందిందో చూడొచ్చు. కానీ నా ఓటు మొదటిదానికే. ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతను చూసే జాతీయ బోర్డు) గుర్తింపున్న ఆసుపత్రుల్లో బెడ్‌సోర్లు, పేషెంట్లు పడిపోవడాల లెక్కలు క్రమం తప్పక చూడాలి. అవి చదవగల నర్సుకు క్వాలిటీ విభాగంలో దారి దొరుకుతుంది. సూపర్‌వైజరు మెట్టుకు అది బలం.

సినాప్సిస్ రాయకముందే గైడ్‌తో కలిసి ఆసుపత్రి నర్సింగ్ సూపరింటెండెంట్‌ను కలవండి. ఆసుపత్రి పేరు థీసిస్‌లో రాదని అనుమతి అడిగే ఉత్తరంలోనే పెట్టండి. వారు కాదంటే ఇంకో ఆసుపత్రి చూసుకునే వ్యవధి ఉంటుంది. టైటిల్ యూనివర్సిటీకి వెళ్లాక మార్చాలంటే మళ్లీ ఆఫీసుల చుట్టూ తిరగాలి.