పాలల్లో చామొమైల్ నూనె వద్దమ్మా.. ముందు అత్తయ్య ఆయాసం సంగతి చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. మాది చీమకుర్తి. మా అత్తయ్యకు 62 ఏళ్లు. ఆరేళ్ల కిందట గుండెలో మైట్రల్ వాల్వ్ తీసేసి లోహపు వాల్వ్ వేశారు. అప్పట్నుంచి ఎసిట్రోమ్ మాత్ర వేసుకుంటున్నారు. రెండు నెలలుగా రాత్రిళ్లు నిద్ర ఉండటం లేదు. రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుని పడుకున్నా, రెండింటికో మూడింటికో లేచి వరండాలోకి వెళ్లి కూర్చుంటున్నారు. నిద్ర పడుతుందని ఆన్‌లైన్‌లో చామొమైల్ ఎసెన్షియల్ ఆయిల్ తెప్పించాను. పడుకోబోయే ముందు పాలల్లో రెండు చుక్కలు వేసి ఇవ్వమని ఒక వీడియోలో చెప్పారు. ఇవ్వొచ్చా? మా పాపకు మూడో నెల, సాయంత్రమైతే కడుపు పట్టేసినట్టు ఏడుస్తుంది. తన పొట్ట మీద రాయొచ్చా? మావారు క్వారీలో పనిచేస్తారు, ఆస్తమా ఉంది. ఇంట్లో ఈ వాసన పెట్టినా పర్వాలేదా?

జవాబు: అమ్మా, ముందు ఆ పాల గ్లాసు పక్కన పెట్టేయండి. ఈ నూనె ఎవరూ తాగేది కాదు, మీ అత్తయ్యయితే అసలే తాగకూడదు.

చామొమైల్ మన చామంతికి దగ్గరి చుట్టం. ఆ పూలను వేడినీళ్లలో వేసుకుని టీ తాగడం వేరు, నూనె వేరు. కిలో ఎండు పూలను ఆవిరి పట్టి తీస్తే మూడు గ్రాముల నుంచి, మహా అయితే పదిహేను గ్రాముల నూనె వస్తుంది. ఒక్కో చుక్కలో గుప్పెడు పూల సారం ఉందనుకోండి. పైగా అది పాలల్లో కలవదు, మీగడలా పైకి తేలుతుంది. నోరు, గొంతు మండుతాయి.

మీ అత్తయ్య విషయంలో అంతకన్నా పెద్ద భయం ఎసిట్రోమ్. అది రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర. చామొమైల్ పువ్వులో కూమరిన్ జాతి పదార్థాలున్నాయి, ఈ మాత్రల ప్రభావాన్ని అవి పెంచే ప్రమాదం ఉంది. కెనడా వైద్యుల పత్రికలో 2006లో ఒక కేసు వచ్చింది. ఇదే జాతికి చెందిన వార్ఫరిన్ వాడుతున్న 70 ఏళ్ల ఆవిడ, జలుబు తగ్గాలని చామొమైల్ టీ తాగుతూ, అదే పువ్వు లోషన్ రాసుకున్నారు. ఒంట్లో పలుచోట్ల రక్తస్రావమై ఆసుపత్రిలో చేరారు. ఆవిడ వాడింది టీ, లోషన్ మాత్రమే, నూనె కాదు. అందుకే మీ అత్తయ్యకు టీ కూడా వద్దంటున్నాను. ఇప్పటికే పాలల్లో ఇచ్చి ఉంటే దాచుకోకండి, రేపే ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చూసే రక్తపరీక్ష) చేయించండి. చిగుళ్ల నుంచి రక్తం, ఒంటి మీద కమిలిన మచ్చలు, నల్లటి విరేచనం కనిపిస్తే రేపటిదాకా కూడా ఆగొద్దు.

వాసన సంగతంటారా, అది పీల్చి కాసేపు మనసు కుదుటపడేవాళ్లు ఉన్నారు, కాదనను. అయితే దీన్ని నిద్రమాత్ర అనుకోకూడదు. 2009లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 57 మందిపై ఎనిమిది వారాలు పరీక్షించినప్పుడు, చామొమైల్ తీసుకున్నవాళ్లలో ఆందోళన కొంత తగ్గింది. కానీ అక్కడ ఇచ్చింది లెక్కకట్టిన క్యాప్సూల్. దాన్ని చూపించి నూనె అమ్మడం సరికాదు. మీకు వాసన ఇష్టమైతే డిఫ్యూజర్‌లో (గదిలో వాసన చిమ్మే పరికరం) మూడు చుక్కలు చాలు, అదీ తలుపు తీసి, అరగంట. తెల్లవార్లూ నడవనివ్వకండి. దీపం ప్రమిదలో మాత్రం పోయొద్దు.

మీవారి ఆస్తమా గురించి రాసి మంచి పని చేశారు. ఆయన ఉన్న గదిలో ఈ వాసన అసలు వద్దు. ఇప్పటికే రాతి దుమ్ము తిన్న ఊపిరితిత్తులకు ఏ ఘాటైన వాసనైనా బరువే. ఇంకో మాట. వయ్యారిభామ మొక్క తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్లకు చామొమైల్ కూడా పడకపోవచ్చు, బంతి, చామంతి, పొద్దుతిరుగుడు అన్నీ ఒకే కుటుంబం. నా దగ్గరికి వచ్చే ఒకామె పూలదండలు కడుతుంది. చామంతుల సీజన్ వస్తే చాలు, బొటనవేలు, చూపుడువేలు కొసలు పగిలి రక్తం చిమ్ముతాయి. మల్లెలు కట్టినన్నాళ్లూ ఏమీ ఉండదు. అలాంటి ఒళ్లయితే ఈ సీసా మూత కూడా తీయొద్దు.

మీరు భుజాలకు రాసుకోవాలంటే లెక్క తేలిక: టీ చెంచా కొబ్బరినూనెకు ఒక్క చుక్క. ముందు మోచేతి లోపలి వైపు కొంచెం రాసి రెండు రోజులు చూడండి. ఎర్రబడినా దురద పెట్టినా మానేయండి. పాపకు పాలిస్తున్నారు కాబట్టి ఛాతీ దగ్గర రాయకండి.

పాపకు చుక్క కూడా వద్దు. పొట్ట మీదా, బొడ్డులోనూ, దిండు మీదా, ఎక్కడా వద్దు. పాలు తాగాక భుజాన వేసుకుని తేన్పు తీయించండి. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు సైకిల్ తొక్కించినట్టు ఆడించండి. అరచేతులు రుద్దుకుని వెచ్చగా పొట్ట మీద ఉంచండి. మూడో నెలలో ఈ ఏడుపు మామూలే, సాధారణంగా నాలుగో నెలకు తగ్గుతుంది. జ్వరం, పచ్చటి వాంతి, దొడ్డికి రక్తం, పాలు తాగకపోవడం ఉంటే మాత్రం పిల్లల డాక్టర్ దగ్గరకు పరుగెత్తాల్సిందే. సీసాను చంటిపిల్లలకు అందని చోట పెట్టండి. ఎవరైనా తాగితే వాంతి చేయించకండి, కిరసనాయిలులాగే ఇదీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేయండి.

ఇంతకీ మీ సీసాలో నూనె ఏ రంగు? జర్మన్ రకం ముదురు నీలంగా ఉంటుంది. పువ్వులో ఆ నీలం ఉండదు, ఆవిరి పట్టేటప్పుడు కామజులీన్ అనే పదార్థం ఏర్పడి వస్తుంది. రోమన్ రకం లేత రంగు. నీలం కాస్తా ఆకుపచ్చగా, గోధుమరంగుగా మారిందంటే గాలీ వేడీ తగిలి పాడైనట్టే. రోహిణి కార్తె ఎండల్లో అలమరలో పెడితే ఎంతసేపు?

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది నూనె కాదమ్మా, ఆ రెండు దిండ్లు. మీ అత్తయ్యకు నిద్ర రాక లేస్తున్నారా, ఊపిరాడక లేస్తున్నారా? వరండాలోకి వెళ్లి కూర్చుంటే హాయిగా ఉందంటున్నారా? అడగండి. పాదాల మీద వేలితో నొక్కి చూడండి, గుంట పడి నిలిస్తే అది నీరు. లోహపు వాల్వ్ ఉన్నవాళ్లకు రాత్రి నిశ్శబ్దంలో గడియారంలా టిక్ టిక్ మని వినిపిస్తుంది. ఆ చప్పుడు మందగించిందన్నారా, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాల్వ్ మీద గడ్డ చేరితే అలా అవుతుంది. చప్పుడు బాగానే ఉన్నా, ఈ వారంలోనే ఒంగోలులోనైనా, ఆపరేషన్ చేసిన చోటైనా ఎకో (గుండె స్కాన్), ఐఎన్ఆర్ చేయించండి. మైట్రల్ చోట లోహపు వాల్వ్‌కు ఐఎన్ఆర్ సాధారణంగా 2.5 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, మూతి వంకరపోయినా, చెయ్యి పట్టు తప్పినా వెంటనే 108. వెళ్లేటప్పుడు మాత్రల చీటీ, పాత ఐఎన్ఆర్ కాగితాలు, ఈ నూనె సీసా, మూడూ సంచిలో వేసుకెళ్లండి.