మీ ప్రశ్న, మా జవాబు: మజ్దా రోటరీ బళ్లు

ప్రశ్న: 2005 మోడల్ మజ్దా ఆర్‌ఎక్స్-8 చవగ్గా వస్తోంది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే స్టార్టయింది. ఓ గంట తిప్పి ఆపాక మళ్లీ ఎంతకీ పట్టలేదు. బ్యాటరీ వీకంటున్నారు. కొనొచ్చా?
- ఒక పాఠకుడు, డాలస్

జవాబు: బ్యాటరీయే అయితే పొద్దున చల్లగా ఉన్నప్పుడే మొరాయించాలి. వేడి మీద పట్టట్లేదంటే ముందు అనుమానించాల్సింది కంప్రెషన్‌ని, అంటే ఇంజిన్ లోపల గాలీ పెట్రోలూ నొక్కుకునే ఒత్తిడిని. ఈ రోటరీ ఇంజిన్లో పిస్టన్లుండవు, మూడు మూలల రోటర్లు రెండుంటాయి. పిస్టన్‌కి రింగులెలాగో, రోటర్ మూలలకి ఏపెక్స్ సీళ్లు అలాగ. అవి అరిగినా, మసి పట్టి బిగుసుకున్నా కంప్రెషన్ నిలవదు. సెల్ఫ్ మోటారు నీరసంగా తిరిగినా ఇలాగే చేస్తుంది కాబట్టి కొలవకుండా తేల్చకండి.

కంప్రెషన్ కొలవడానికి మామూలు గేజ్ పనికిరాదు. రోటర్‌కి మూడు ముఖాలు. ఆ గేజ్ వాటిలో పెద్ద అంకె ఒక్కటే చూపిస్తుంది. రోటరీ టెస్టర్ ఉన్న మెకానిక్ దగ్గర, ఇంజిన్ వేడిగా ఉండగా, రెండు రోటర్లవీ కలిపి ఆరు అంకెలూ రాయించుకోండి. ఇంజిన్ నిమిషానికి 250 చుట్లు (ఆర్‌పీఎం) తిరిగే లెక్కన చదరపు సెంటీమీటరుకు 8.5 కిలోలుండాలి. ఏ ఒక్కటి 6.9 కన్నా దిగినా ఇంజిన్ విప్పాల్సిందే, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి.

ప్లగ్గులు నాలుగు, వాటికి నిప్పురవ్వ కరెంటిచ్చే కాయిళ్లు నాలుగు. కాయిల్ చచ్చుబడితే కాలని పెట్రోలు వెళ్లి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్లో మండుతుంది. అది కరిగి మూసుకుపోతే వేడి ఇంజిన్ మీదకే తిరిగొస్తుంది. కాయిళ్లు ఎప్పుడు మార్చారో తప్పక అడగండి.

ఆయిల్ తాగుతోందని కంగారుపడొద్దు. సీళ్లు తడిగా ఉండాలని పంపు కొద్దికొద్దిగా ఆయిల్‌ని లోపలికి వదులుతుంది. రెండుసార్లు పెట్రోలు పోయించినప్పుడల్లా డిప్‌స్టిక్ చూడండి. ఇంకోటి: చల్లటి బండిని పక్కకి జరపడానికి స్టార్ట్ చేసి వెంటనే ఆపేయకండి, ప్లగ్గుల్ని పెట్రోలు ముంచేస్తుంది. ముంచేస్తే యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి. అప్పుడు ఇంజెక్టర్లు పెట్రోలు వదలవు.

ప్రశ్న: అంత పేరొచ్చిన రోటరీ ఇంజిన్‌ని 2012లో ఎందుకు ఆపేశారు?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పొగ, మైలేజీ. రోటరీలో పెట్రోలు మండే చోటు సన్నగా, పొడుగ్గా ఉంటుంది; మంట కొసల దాకా పాకేలోపే కొంత పెట్రోలు కాలకుండా బయటికి పోతుంది. దానికితోడు ఆయిల్ కూడా కాలుతుంది.

మజ్దా రోటరీ పట్టుకున్న కొత్తల్లో, ఇంజిన్ లోపలి గోడ మీద సీళ్లు అదిరి అలలలా గీతలు పడేవి. ఇంజినీర్లు వాటిని దయ్యం గోళ్ల గీతలనేవారు! కెనిచి యమమోతో అనే మజ్దా ఇంజినీరు బృందం కార్బన్‌లో అల్యూమినియం కలిపిన సీళ్లతో ఆ బాధ వదిలించుకుంది. 1967లో రోటరీ కారు కాస్మో స్పోర్ట్ రోడ్డెక్కింది. 1991లో నాలుగు రోటర్ల రేసు కారు 787బి లె మాన్స్ 24 గంటల రేసు గెలిచింది. ఆర్‌ఎక్స్-7 2002లో ఆగింది. ఆర్‌ఎక్స్-8 యూరప్‌లో 2010లో, జపాన్‌లో 2012లో ఆగింది.

ప్రశ్న: మన స్వరాజ్ మజ్దా వ్యానుకీ ఈ మజ్దాకీ సంబంధముందా?
- మరో పాఠకుడు, వరంగల్

జవాబు: ఉంది. 1980లలో పంజాబ్ ట్రాక్టర్స్, మజ్దా, జపాన్ వ్యాపార సంస్థ సుమితోమో కలిసి పెట్టిన కంపెనీ అది. తర్వాత మజ్దా తప్పుకుంది, 2011లో పేరు ఎస్‌ఎంఎల్ ఇసుజు అయింది. మీ వ్యానులో ఉన్నది మాత్రం మామూలు పిస్టన్ డీజిల్ ఇంజినే.