సమాధానం: 40 షాపులు, 3 ఆటోలు

అన్నా, బోయిన్‌పల్లి మార్కెట్ నుంచి 40 షాపులకు 3 ట్రాలీ ఆటోల్లో సరుకు పంపాలి, అతి తక్కువ దూరమయ్యే రూట్లు వెతకమంటే ప్రోగ్రామ్ రాత్రంతా తిరిగినా జవాబు రాలేదన్నారు కదా. రాదు మరి. ఏ షాపు ముందు, ఏది తర్వాత అని చూస్తే పది షాపులకే 36,28,800 వరసలు! 1964లో క్లార్క్, రైట్ ఇచ్చిన సేవింగ్స్ (దూరం ఆదా చేసే) పద్ధతి చాలు.

ముందు ఒక్కో షాపుకు విడిగా వెళ్లొచ్చినట్టు అనుకోండి. కూకట్‌పల్లి, మియాపూర్‌లను ఒకే ట్రిప్పులో కలిపితే ఎంత దూరం మిగులుతుంది? మార్కెట్ నుంచి రెండింటి దూరాలూ కూడి, వాటి మధ్య దూరం తీసేయండి. ఎక్కువ మిగిలే జంటతో మొదలుపెట్టి, ఆటోలో సరుకు పట్టినంతవరకు కలుపుతూ పోండి. నాలుగో రూటు తేలితే చిన్నదాన్ని విప్పి మిగతావాటిలో సర్దండి. తర్వాత టూ-ఆప్ట్ అనే సవరణ: మ్యాప్‌లో రూటు తన గీతను తానే దాటిన చోట, ఆ మధ్య ముక్కలోని షాపుల వరసను తిరగేయండి.

అసలు పొరపాటు మీ దూరాల షీట్‌లోనే ఉంది, అన్నీ సరళరేఖ దూరాలే. రాణీగంజ్ నుంచి ఖైరతాబాద్‌కు ఆటో హుస్సేన్ సాగర్ మీదుగా ఎగిరిపోదు కదా! రోడ్డు మీద పట్టే నిమిషాలు పెట్టండి.